లేచి నిలబడ్డ మూడో అంతస్తు

మనిషిని ఎత్తడంలో మా నాయుడుపేట వాళ్లది అందెవేసిన చెయ్యి. హైవే పక్కన పుట్టి పెరిగిన ఊరు, ఆ మాత్రం అభ్యాసం ఉండదా? చెన్నై నుంచి కోల్‌కతా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద మోటారు సైకిలు పడిందంటే, దుమ్ము అణగకముందే నలుగురు చేరతారు. ఒకడు చంకల కింద చేతులు పెడతాడు. ఇద్దరు తలా ఒక కాలు పట్టుకుంటారు. నాలుగోవాడు "ఎత్తండ్రా, ఎత్తండ్రా" అంటాడు. వడ్ల బస్తా ఎత్తినట్టు ఎత్తి, ఆటోలో పట్టకపోతే మెడ కాస్త వంచి, మోకాళ్లు మడిచి సర్దేస్తారు. పడ్డప్పుడు వెన్నుపూస విరిగి, లోపలున్న వెన్నుపాము సగమే నలిగి ఉంటే, మిగతా సగాన్ని మా దయాగుణం పూర్తి చేస్తుంది. "కాళ్లు ఆడిస్తా ఉండాడు, ఏం కాలేదు" అని ఎవరో ఒకరు సంతోషంగా అంటారు. ఆ మాట ఆటో ఎక్కించక ముందుది. ఆస్పత్రి దగ్గర దించాక మళ్లీ ఎవరూ అనరు.

ఇంతవరకు సేవ ఉచితం. డబ్బు ఖర్చయ్యేది ఆ తర్వాత.

మా మేనత్త కొడుకు ఒకడున్నాడు, నాకు బావ. బియ్యం బస్తాల లోడు మీద పట్టా కప్పి మోకు బిగిస్తూ, కాలు జారి వెల్లకిలా పడ్డాడు. పైన చెప్పిన పద్ధతిలోనే అతన్నీ ఎత్తారు. ఎత్తిన నలుగురిలో నేనూ ఉన్నాను, ఎడమ కాలు నాది. చెన్నైలో ఆపరేషను చేసి ప్లేటు, స్క్రూలు బిగించారు. వెన్నుపూస నిలబడింది, బావ నిలబడలేదు. "డీ పన్నెండు" అన్నారు డాక్టర్లు. మా అత్త అది బస్సు నంబరేమో అనుకుంది.

పలకరించడానికి వచ్చినవాడల్లా ఒక వైద్యం చెప్పి పోయాడు. పుత్తూరు కట్టు కట్టించమని ఒకరు. కేరళ తైలం అని ఇంకొకరు. ఇలాంటి విషయాల్లో మా తీరానికి పేరుంది లెండి. 2021 మే నెలలో కృష్ణపట్నం కరోనా మందు కోసం ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్లు కూడా అంబులెన్సుల్లో వచ్చి వరుస కట్టిన నేల ఇది. అయితే ఆ మందిచ్చినాయన రూపాయి తీసుకోలేదు. ఆ లెక్కన ఇప్పుడు నేను చెప్పబోయేవాళ్లు చాలా ముందున్నారు.

వాళ్లు ముందుగా ఫోనులో వచ్చారు. వీడియో మొదటి సగంలో చక్రాల కుర్చీలో ఒకతను ఏడుస్తాడు. రెండో సగంలో అతనే రెండు కమ్మీలు పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు. మధ్యలో ఫోన్ నంబరు వస్తుంది. ఆ నాలుగడుగులు మా అత్త నలభైసార్లు చూసింది. గూడూరు వైపున్న ముప్పావు ఎకరం నిమ్మతోట అమ్మింది. ఆ క్లినిక్కు ఏ ఊళ్లో ఉందో, పేరేమిటో నేను చెప్పను. చెప్పినా ఉపయోగం లేదు, బోర్డు మార్చడానికి వాళ్లకు పెద్దగా ఖర్చు కాదు.

అక్కడ డాక్టరు కన్నా ముందు కౌన్సెలర్ మేడం కనబడుతుంది. మంచి పిల్ల. నీళ్లిచ్చింది, టిష్యూ పేపరిచ్చింది, ప్యాకేజీ కాగితం ఇచ్చింది. మూడు సిట్టింగులు. మూడూ ఒకేసారి కడితే తగ్గింపు.

"మా వోడు నడస్తాడా తల్లీ?" అంది అత్త.

"నడుస్తారు అనే మాట మేం వాడమండీ. ఇంప్రూవ్‌మెంట్ అంటాం."

"అంటే?"

"లైఫ్ క్వాలిటీ బాగుంటుంది."

"అంటే నడస్తాడా?"

"పాజిటివ్‌గా ఆలోచించాలమ్మా."

నేను కల్పించుకుని, దెబ్బ తగిలి ఏడాదిన్నరైంది కదా, మరి ఆలస్యం కాలేదా అని అడిగాను. ఎంత పాత దెబ్బైనా పరవాలేదట. మా ఊళ్లో పాత ఇనుము కొనేవాడు కూడా ఇంత ధైర్యంగా మాట్లాడడు.

ఇక వైద్యం. తుంటి ఎముకలోంచి మూలుగ తీస్తారు. యంత్రంలో గిర్రున తిప్పి అందులోంచి మూలకణాలు అనేవాటిని వేరు చేస్తారు. నడుములో సూది గుచ్చి వెన్నునీటిలోకి వాటిని ఎక్కిస్తారు. ఇంతే. సరుకు మా బావది, ఒళ్లు మా బావది, డబ్బు మా అత్తది. క్లినిక్కుది సూది ఒక్కటే, అదీ బిల్లులో వేశారు. ఈ వ్యాపారంలో పెట్టుబడి ఏమిటని చాలా కాలం ఆలోచించాను. ఆ వీడియో తీసినవాడి కూలి అనుకుంటా.

మా అత్త ఐదో తరగతి చదివింది. దేశంలో పెద్ద పెద్ద సదస్సుల్లో లేవాల్సిన ప్రశ్న ఆ కౌన్సెలింగ్ గదిలో ఆమె నోట వచ్చింది. "ఏం తల్లీ, ఆ కణాలకి దెబ్బ యాడ తగిలిందో ఎట్టా తెలస్తాది?"

"వాటికి హోమింగ్ అనే గుణం ఉంటుందమ్మా. అవే వెతుక్కుంటూ వెళ్లిపోతాయి."

"మా ఇంటికి రావాలంటే కొరియరోడే మూడుసార్లు ఫోను చేస్తాడే!"

కొరియరు కుర్రాణ్ణి అనడానికి లేదు. 2022 ఏప్రిల్‌లో మా నాయుడుపేటను నెల్లూరు జిల్లా నుంచి కోసి తిరుపతి జిల్లాకు అతికించారు. అదీ ఒక మార్పిడి శస్త్రచికిత్సే. కాగితాల మీద చక్కగా అతుక్కుంది. కానీ మీదే ఊరని ఎవరన్నా అడిగితే ఈరోజుకీ మా నోట "నెల్లూరు" అనే వస్తుంది. యాస అదే, చేపల పులుసు అదే. చోటు మారినంత మాత్రాన పుట్టుబుద్ధి మారదు. మనుషులమే ఇట్టా ఉంటే, కణానికి కొత్త చోట కొత్త ఉద్యోగం నేర్పడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఆలోచించక్కర్లేదు, జరిగింది చెబుతా. 18 ఏళ్ల అమెరికన్ అమ్మాయికి ప్రమాదంలో నడుం కింద పడిపోయింది. పోర్చుగల్ తీసుకెళ్లారు. ముక్కు లోపలి పొరలో నరాలను పెంచే కణాలుంటాయి కాబట్టి, ఆ పొర ముక్క తీసి వెన్నులో పెట్టారు. నరాలు అల్లుకుంటాయని ఆశ. ఎనిమిదేళ్లు గడిచాయి. కాళ్లు రాలేదు గానీ నొప్పి వచ్చింది. తెరిచి చూస్తే వెన్నులో ఒక గడ్డ, గడ్డలో జిగురు. ముక్కు పొర పాపం తన ధర్మం తాను మరవలేదు, వెన్నులో కూర్చుని బుద్ధిగా చీమిడి తయారు చేసింది. 2014లో ఈ సంగతి వైద్య పత్రికలో అచ్చయింది. అది చదివాక, నెల్లూరు వాళ్లం తిరుపతి జిల్లాలో ఉండటం నాకు పెద్ద వింతగా అనిపించడం మానేసింది.

అంతకుముందు బీజింగ్‌లో పిండ కణాలతో ఇదే పని చేస్తే, అక్కడ వైద్యం చేయించుకున్న ఏడుగురిని విదేశీ డాక్టర్లు ముందూ వెనకా పరీక్షించి 2006లో రాశారు. పనికొచ్చే మేలేదీ కనబడలేదు, కొందరికి మెదడు పొరల వాపు వచ్చింది. ఇంకొకాయన పక్షవాతానికి మూడు దేశాలు తిరిగి కణాలు ఎక్కించుకుంటే వెన్నులో కంతి పెరిగింది. 2016లో దాన్ని పరీక్షిస్తే అందులోవి ఆయన కణాలే కావు, ఎవరివో. అద్దెకు దిగినవాడు ఇల్లు తనదే అన్నాడన్నమాట.

అసలు చిక్కు ఎక్కడుందో చెప్పాలంటే మా పక్కనున్న నేతగాళ్ల ఊరు వెంకటగిరి పోవాలి. వెన్నుపాము చిటికెన వేలంత లావు, మూరెడు పొడుగు. అంత సన్నని దాంట్లో లక్షల పోగులు, ప్రతి పోగుకూ పైన ఒక చివర, కింద ఒక చివర. మగ్గం మీద పడుగు తెగితే నేతగాడు ఏ పోగు ఏ పోగుదో చూసుకుని ఒక్కొక్కటే అతుకుతాడు. వెన్నుపాములో అతికేవాడు లేడు. పైగా దెబ్బ తగిలిన చోట వాపు వచ్చి, పక్కనున్న కణాలు చచ్చి, బొర్ర పడి, దాని చుట్టూ మచ్చ గట్టిపడుతుంది. తెగిన పోగు పెరగబోయినా ఆ మచ్చ దగ్గర ఆగిపోతుంది. చేతినరం తెగితే నెమ్మదిగా పెరుగుతుంది, వెన్నుపాములో ఆ వీలు ప్రకృతి పెట్టలేదు. అలాంటి చోట నాలుగు చుక్కల కణాలు చల్లడమంటే, చిరిగిన వెంకటగిరి చీర మీద గుప్పెడు దూది చల్లి జరీ అంచు కలిసిపోతుందని ఎదురు చూడటమే. దూదీ నూలే, కాదనను. కానీ చీర నేసేది దూది కాదు కదా.

మూలకణం అనే మాటే దొంగమాట అంటారేమోనని భయం. కాదు. ఎముక మూలుగ మార్పిడితో రక్త క్యాన్సర్ల వాళ్లు, తలసీమియా పిల్లలు బతుకుతున్నారు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో 2001 నుంచి కంటి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలతో, సున్నం పడో యాసిడ్ పడో మాడిపోయిన కళ్లకు చూపు తెప్పిస్తున్నారు. గమనించండి, అక్కడ కంటి కణాన్ని కంట్లోనే పెడతారు. దాని ఊళ్లో దాని పని దానికిచ్చారు. ఎల్వీ ప్రసాద్ వాళ్ల వీడియో మా అత్త ఫోనులోకి ఎప్పుడూ రాలేదు. పని చేసే వైద్యానికి ప్రచారం మీద శ్రద్ధ తక్కువేమో.

వెన్నుపాము విషయంలో నిజంగా కష్టపడుతున్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో జెరాన్ అనే కంపెనీ 2010 అక్టోబరులో మొదటి రోగికి పిండ మూలకణాలనుంచి చేసిన కణాలు పెట్టింది. ఏడాది తిరిగేసరికి డబ్బు చాలడం లేదని చేతులెత్తేసింది. చూశారా, కోట్ల డాలర్లున్న కంపెనీకి గిట్టుబాటు కాని పని మా క్లినిక్కుకు గిట్టింది. జపాన్‌లో షిన్యా యమనాకా 2006లో ఎలుక చర్మకణాన్ని వెనక్కి నడిపించి మూలకణంలాంటిదిగా మార్చాడు. 2012లో నోబెల్ వచ్చింది. ఆ దారిలోనే టోక్యో కెయో విశ్వవిద్యాలయంలో ఒకానో, నకమురా అనే ఇద్దరు ఏళ్ల తరబడి ఎలుకల మీదా కోతుల మీదా చూసి చూసి, 2021 డిసెంబరులో మొదటి మనిషికి పెట్టారు. మొత్తం నలుగురికి, తలా 20 లక్షల కణాలు, దెబ్బ తగిలిన నాలుగు వారాల లోపే. 2025 మార్చిలో ఫలితం బయటపెట్టారు. ఒకాయన ఆసరా లేకుండా నిలబడి నడక నేర్చుకుంటున్నాడు. ఇంకొకరికి కొంచెం మెరుగు. మిగతా ఇద్దరికి చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఈ ఆఖరి వాక్యం వాళ్లే చెప్పారు. మా కౌన్సెలర్ మేడం ఆ ఆస్పత్రిలో ఉండి ఉంటే ఉద్యోగం ఊడేది.

నిలబడ్డ ఆ ఒక్కడైనా కణాల వల్లే నిలబడ్డాడా అంటే, ఇంకా ఎక్కువమంది మీద పోల్చి చూస్తే గాని చెప్పలేమని సైంటిస్టులంటారు. ఎందుకంటే వెన్ను దెబ్బ తగిలిన మొదటి ఏడాదిలో ఏ మందూ లేకుండానే కొంతమందికి కొంత బలం తిరిగొస్తుంది. 2018 డిసెంబరులో జపాన్ ప్రభుత్వం 13 మంది మీద చూసిన ఒక మూలకణ మందుకు షరతులతో అనుమతి ఇస్తే, కణాలు ఇవ్వనివాళ్లతో పోల్చకుండా ఎట్టా ఒప్పుకున్నారని శాస్త్రవేత్తలు నిలదీశారు. దీనికి మనవాళ్లు ఎప్పుడో పేరు పెట్టారు, కాకతాళీయమని. కాకి వాలింది, తాటిపండు పడింది. పండు ఎట్టాగూ పడేదే. కాకి మాత్రం కన్సల్టేషన్ ఫీజు అడగలేదు.

మన దేశంలో చట్టం లేదని ఎవరూ అనకూడదు. బ్రహ్మాండంగా ఉంది. 1954లోనే మాయమందుల ప్రకటనల నిషేధ చట్టం వచ్చింది. ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వరాదని అందులో 54 పేర్ల పట్టిక ఉంది. క్యాన్సరుంది, గుడ్డితనముంది, పొట్టివాణ్ణి పొడుగు చేయడముంది, పక్షవాతమూ ఉంది. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో. ఆ పట్టిక మన ఊళ్ల గోడల మీద, బస్సుల వెనక, ఫోను తెరల మీద రోజూ చదువుకోవచ్చు. ప్రకటనలు రాసేవాళ్లు దాన్ని నిషేధాల జాబితా అనుకోలేదు, సరుకుల జాబితా అనుకున్నారు. ఇక 2017లో భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ శాఖ కలిసి మార్గదర్శకాలు ఇచ్చాయి. మూలుగ మార్పిడి లాంటివి తప్ప మరే జబ్బుకూ మూలకణ వైద్యం అమ్మకూడదు. అనుమతి తీసుకున్న పరీక్షల్లోనే చేయాలి, పరీక్షలో చేరినవాడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. అంటే పసిగట్టడానికి పెద్ద చదువేం అక్కర్లేదు, రసీదు పుస్తకం బయటికి తీశారంటే అది పరీక్ష కాదు. ఆటిజానికి ఈ వైద్యం పనికిరాదని 2022 డిసెంబరులో జాతీయ వైద్య కమిషన్ విడిగా మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఒక్కో జబ్బుకూ ఒక్కో కాగితం రాసుకుంటూ పోతే, వెన్నుపాము వంతు వచ్చేసరికి మా బావ మనవలు పింఛను తీసుకుంటుంటారు.

ఈజిప్టులో 3,600 ఏళ్లనాటి వైద్యపు చుట్ట ఒకటి దొరికింది. మెడపూస తప్పి కాళ్లూ చేతులూ పడిపోయినవాడిని చూసిన ఆ వైద్యుడు, ఇది నావల్ల అయ్యేది కాదని రాసిపెట్టాడు. ఆయనకు కౌన్సెలర్ లేదు. పిరమిడ్లు కట్టించినవాళ్ల దేశంలో ఉండి కూడా, ఆయన మూడో అంతస్తు వేసుకోలేకపోవడానికి అదే కారణమై ఉంటుంది.

అన్నట్టు ఆ సంగతి చెప్పలేదు కదూ. మొదటి సిట్టింగుకు పోయినప్పుడు మా క్లినిక్కు రెండంతస్తులే. రెండో సిట్టింగుకు ఇసుక, కంకర దిగాయి. మూడో సిట్టింగుకు పైన సెంట్రింగు పని జరుగుతోంది. ఈ వైద్యం మొత్తంలో లేచి నిలబడ్డది ఆ మూడో అంతస్తు ఒక్కటే. ముప్పావు ఎకరం నిమ్మతోట అందులో ఏ మూలనో ఉంది. ఆ బాల్కనీ నాదేనని బావ అంటుంటాడు.

ఇంటికి పంపుతూ కాగితం ఇచ్చారు. "గణనీయమైన మెరుగుదల కనబడింది" అని ఇంగ్లీషులో ఉంది. దాంతో ఇంకో తంటా. రాష్ట్రంలో 2024 జులై నుంచి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్లకు నెలకు 15,000 రూపాయల పింఛను. మరుసటి ఏడాది అర్హుల ఇళ్లకే డాక్టర్లను పంపి మళ్లీ తనిఖీ చేయించారు. తనిఖీకి వచ్చేవాళ్ల కంట పడితే పింఛను పోతుందని మా అత్త ఆ మెరుగుదల కాగితాన్ని బియ్యం డబ్బాలో దాచింది. లక్షలు పోసి కొన్న మెరుగుదల అది. వచ్చినాయన బావను అటూ ఇటూ చూసి, "ఇంకా అట్నే ఉండావా?" అన్నాడు. అంత నిజాయితీగా ఫలితం చెప్పింది ఆయనొక్కడే.

చివరికి బావ బాగుపడింది వేలూరులో. బాగాయంలో సీఎంసీ ఆస్పత్రి వాళ్ల పునరావాస కేంద్రం ఉంది. దాన్ని 1966లో నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ తానే కారు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిన మనిషి. ఆ ప్రమాదం జరిగింది కూడా 1954లోనే, మాయమందుల చట్టం వచ్చిన ఏడాదే. చట్టం ఇంకా మంచంలోనే ఉంది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది, అమెరికా వెళ్లి పునరావాస వైద్యం చదువుకొచ్చింది, తనలాంటివాళ్ల కోసం ఆ కేంద్రం పెట్టించింది. నడిపిస్తామని అక్కడ ఎవరూ మాటివ్వలేదు. బావకు వాళ్లు నేర్పిన విద్యలు వింటే వీడియో తీసేవాడు పారిపోతాడు. నాలుగ్గంటలకోసారి శుభ్రంగా గొట్టం పెట్టి మూత్రం తీసుకోవడం. రాత్రి రెండు గంటలకోసారి పక్కకు తిరగడం. కుర్చీలో ఉన్నప్పుడు అప్పుడప్పుడూ చేతుల మీద ఒళ్లు లేపి పిరుదులకు గాలి తగలనివ్వడం, లేకపోతే పుండు పడుతుంది, పుండు ముదిరితే ప్రాణం మీదికొస్తుంది. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి ఆటోలోకి ఒంటరిగా దూకడం. వీటిలో ఏదీ గిర్రున తిరగదు, దేనికీ పండగ తగ్గింపు ఉండదు. బావ ఇప్పుడు బైపాస్ దగ్గర టీ కొట్టు ముందు సెల్‌ఫోన్లు బాగు చేస్తాడు. బ్యాంకులో పని పడితే మెట్ల కింద కూర్చుని పైకి కేకేస్తాడు. మా ఊళ్లో మిద్దె ఎక్కితే శ్రీహరికోట రాకెట్ కనబడుతుంది, ఆ మిద్దె ఎక్కడానికీ ఆ బ్యాంకు ఎక్కడానికీ వాలుబాట మాత్రం ఎవరూ కట్టలేదు.

క్లినిక్కు వాళ్లు మొన్నొకసారి ఫోన్ చేశారు. నాలుగో సిట్టింగు పాత పేషెంట్లకు సగం ధరకేనట. "మెరుగుదల ఎక్కువైంది మేడం, ఇంకా పెరిగితే పింఛను పోతాది" అని బావ పెట్టేశాడు.

ఆ సాయంత్రమే కొట్టు ఎదురుగా ఒక కుర్రాడు బండి మీంచి ఎగిరి డివైడరు పక్కన పడ్డాడు. అలవాటు ప్రకారం నలుగురు చేరారు. నా చేతులు కూడా ముందుకొచ్చాయి. "ముట్టుకోబాకండి! ఒక్కడన్నా ముట్టుకుంటే చెప్తా!" అని కుర్చీలోంచి బావ అరిచిన అరుపుకు హైవే ఆగింది. 108కి ఫోన్ చేయించాడు. లారీ అడ్డం పెట్టించాడు. టీ కొట్టు పిల్లగాణ్ణి పిలిచి, పడ్డవాడి తల దగ్గర మోకాళ్ల మీద కూర్చోబెట్టి, రెండు అరచేతులతో తల అటూ ఇటూ కదలకుండా పట్టుకోమన్నాడు. "ఏందన్నా, మనిషి పడుంటే చూస్తా నిలబడమంటావా?" అని ఎవరో తిట్టారు. ఇద్దరు వీడియో తీస్తున్నారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

అంబులెన్సు ఇంకా రాలేదు. "చెయ్యి తిమ్మిరెక్కతా ఉందన్నా" అన్నాడు పిల్లగాడు.

"ఎక్కనీరా. నీకు తెలస్తా ఉంది కదా" అన్నాడు బావ.